తలుపు గొళ్లానికి తడి తువ్వాలు

హార్బరుకి ముడి ఇనుము మోసుకుపోయే గూడ్సు బండిని నా తొమ్మిదో ఏట ఒక్క ఎర్ర తువ్వాలుతో ఆపినవాణ్ణి నేను. ముందు రెండు ఇంజన్లు, వెనక చూపు ఆనినంత మేర పెట్టెలు. పట్టాల పక్కన నిలబడి తువ్వాలు ఊపాను. కీచుమని అరిచి నాకు బారెడు దూరంలో ఆగింది. డ్రైవరు కిందికి దిగి వచ్చి నాకు దణ్ణం పెట్టాడు.

అలాంటివాణ్ణి ఇప్పుడు సీతమ్మధారలో ఐదో అంతస్తులో, దగ్గితే నేరమయ్యే ఇంట్లో ఖైదు పడి ఉన్నాను.

ఖైదు అంటే మా కోడలికి కోపం వస్తుంది. అయినా ఇంకేమనాలి? మోకాలు మార్చారు. లిఫ్టు చెడిపోయింది, బాగుచేసేవాడు ఎప్పుడు అడిగినా రేపు అంటాడు. మెట్ల మీద కాలు పెట్టొద్దని డాక్టరు హుకుం. బాల్కనీకి పావురాలు రాకుండా వల కట్టారు. పావురాలు బయట తిరుగుతున్నాయి, నేను వల లోపలున్నాను. వీటన్నిటికీ తోడు మా మనవడు. రాత్రంతా కంప్యూటరు ముందు కూర్చుని ఏదో దేశం వాళ్లకి ఉద్యోగం చేసి, తెల్లారాక పడుకుంటాడు. వాడి గది తలుపు పిడికి హెడ్‌ఫోన్సు వేలాడుతుంటే లోపల నిద్రపోతున్నాడని అర్థం. ఇక టీవీకి నోరుండదు. కుక్కరు కూత పెట్టకూడదని కోడలు గిన్నెలో అన్నం వండుతుంది. నా చేతికర్ర కింద రబ్బరు తొడిగారు. నాకు తుమ్ము వస్తే బాత్రూంలోకి వెళ్లి, తలుపేసుకుని, కుళాయి తిప్పి తుమ్మాలి. మోకాలు మార్చినవాడు బాత్రూం చేరేదాకా ఏ తుమ్ము ఆగుతుంది?

ఇవాళ మధ్యాహ్నం వీధి తలుపు మీద ఎవరో గోటితో గీకిన చప్పుడైంది. కోడలు తీసింది. మా అప్ప. అప్ప అంటే అక్క, మా వైపు అలాగే అంటాం. నాకంటే నాలుగేళ్లు పెద్దది. తగరపువలస నుంచి బస్సెక్కి, చేతిలో స్టీలు క్యారేజీతో ఐదంతస్తులూ ఎక్కి వచ్చింది. ఆయాసం కూడా లేదు.

"ఒరే, బతికున్నావా?" అంది, తగరపువలస సంతలో పిలిచినట్టు.

"పెద్దమ్మా, మెల్లిగా. వాడు పడుకున్నాడు," అని కోడలు నోటి మీద వేలు పెట్టింది.

"ఏటీ, పట్టపగలు పడకా?" అని, తలుపుకి వేలాడుతున్న హెడ్‌ఫోన్సు చూసి, మా అప్ప గొంతు దానంతటదే తగ్గిపోయింది. "ఓలమ్మ, డూటీ దిగినోడా? ఐతే సరే."

బల్ల దగ్గర కూర్చుని క్యారేజీ పై గిన్నె మూత తీసింది. చింతచిగురు, ఎండు రొయ్యలు. ముందు చిగురు పులుపు వచ్చి నాలిక పక్కల్ని గిల్లింది. దాని వెనక నూనెలో వేగిన ఎండు రొయ్యల నీచు, వెల్లుల్లి, కాస్త మాడిన ఎండుమిరప.

"నా సేయి కాదురా ఇది. గోదారత్త సేయి. పెద్దయ్యాక అడిగి నేర్సుకున్నాను," అంది అప్ప.

ఆ వాసనకి నేను ఐదో అంతస్తులో లేను. ఇంకో చీకటి గదిలో, నోరు మూసుకుని, నులక మంచం పక్కన కూర్చుని ఉన్నాను.

కంచరపాలెంలో పట్టాల వారనే ఉండేవి మా లైనిళ్లు. ఒకే చూరు, ఇంటికీ ఇంటికీ మధ్య ఒకే గోడ, అందరికీ ఒకే కుళాయి, అందరికీ ఒకే ఓనరు. గూడ్సు బండి పోతుంటే ఉట్టి మీద గిన్నెలు మాట్లాడుకునేవి. మగాళ్లందరూ షిఫ్టు మనుషులు: హార్బరు, రైల్వే, మిల్లు. రాత్రి డ్యూటీ చేసి వచ్చినవాడు పగలు పడుకోవాలి కాబట్టి మా లైనులో ఒక కట్టుబాటు ఉండేది. ఆ ఇంటి తలుపు గొళ్లానికి తడి తువ్వాలు తగిలించేవాళ్లు. తువ్వాలు వేలాడుతున్న తలుపు ముందు గోళీలాట లేదు, కర్రాబిళ్ల లేదు, మొగుడూ పెళ్లాల తగువు లేదు. చంటిపిల్ల ఏడిస్తే తల్లి చంకనేసుకుని పట్టాల వైపు పరిగెత్తాలి. తువ్వాలు ఆరిపోతే మనిషి లేచినట్టు. అప్పుడు మా అరుపులకి విడుదల.

మా పక్కింటి గోదారత్త తువ్వాలు మాత్రం ఆరేది కాదు. ఆరబోతుండగా బయటికొచ్చి చెంబుడు నీళ్లు చల్లి వెళ్లేది.

గోదావరి జిల్లా నుంచి వచ్చింది గనక గోదారత్త. అసలు పేరు మాకు తెలీదు, అడిగే ధైర్యం లేదు. మొగుడు హార్బరులో క్రేను నడిపేవాడు. సన్నగా, మాటా పలుకూ లేకుండా ఉండేవాడు. మాటలన్నీ ఆవిడే మాట్లాడేది. మా బంతి ఆవిడ గడప దాటితే తిరిగి రాదు. చప్పుడు చేస్తే అంట్లు కడిగిన నీళ్లు నెత్తిన పడతాయి. మా అమ్మ చోళ్ల పిండితో, అంటే రాగిపిండితో, అంబలి కాస్తుంటే గోడ అవతల నుంచి వినబడేది: "వచ్చిందండీ వాసన! మా ఊళ్లో గేదెలకి పెడతారండీ ఇది." మా అమ్మ ఊరుకునేదా? "గేదెలకి తెలిసిన రుసి కొందరు మనుసులకి తెల్దులే," అని గోడకి చెప్పేది. అలా గోడతో మాట్లాడుకోవడమే తప్ప ఇద్దరూ ఎదురుపడి పలకరించుకోగా నేను చూడలేదు.

ఆ ఎండాకాలం మిగతా ఇళ్ల తువ్వాళ్లు వారం ఉంటే వారం ఉండేవి కావు, షిఫ్టులు మారతాయి కదా. గోదారత్త తలుపుకి మాత్రం ఎప్పుడూ ఎర్ర తువ్వాలే. నాకు అనుమానం రాలేదు. అంత బుర్ర ఉంటే రైలెందుకు ఆపుతాను?

అవును, రైలు. నిజం చెప్పేస్తాను, ఎదురుగా మా అప్ప కూర్చుంది. ఆ గూడ్సు రోజూ అక్కడ సిగ్నలు కోసం ఆగేదే. నేను వెళ్లేసరికే ఆగి ఉంది. డ్రైవరు దిగలేదు, కిటికీలో కూర్చుని క్యారేజీ విప్పుకుని అన్నం తింటూ, "పక్కకి పోరా, అన్నంలో దుమ్ము పడతంది," అన్నాడు. కానీ తువ్వాలు ఊపిన మాట నిజం. అది గోదారత్త తలుపు మీంచి కొట్టేసిన ఎర్ర తువ్వాలన్నదీ నిజం.

ఆవిడ వచ్చింది. ఎప్పుడూ నోరు ముందు, మనిషి వెనక వచ్చే ఆవిడ ఆవేళ నోరెత్తకుండా, చెప్పులు లేకుండా, కాలే కంకర మీద నడుచుకుంటూ వచ్చింది. నా చెవి పట్టుకుంది. అరిస్తే అందరూ చూస్తారనుకుందేమో, రెండో చేత్తో నా నోరు మూసింది. ఈడ్చుకెళ్లి లోపల పడేసి తలుపు వేసింది.

గది చీకటి. కిటికీకి గోనె కట్టి ఉంది. కళ్లు అలవాటు పడ్డాక నులక మంచం కనబడింది. దుప్పటి ముడత లేకుండా పరిచి ఉంది. దిండు మీద మడత పెట్టిన లుంగీ. మంచం కింద మావయ్య డ్యూటీ బూట్లు. ఒక బూటు నోట్లో సాలీడు గూడు కట్టింది.

"మావయ్యేడీ?" అన్నాను.

కొట్టడానికి ఎత్తిన చెయ్యి గాల్లోనే ఆగింది. కొడితే చప్పుడవుతుంది.

"పడుకున్నారు," అంది.

"ఎక్కడ?"

అటు గూడ్సు కదిలింది. గిన్నెలు గలగలమన్నాయి. అవి ఆగాక అంది: "ఎక్కడో ఒకచోట పడుకునే ఉంటాడ్లే."

తర్వాత లేచి కంచం పెట్టింది. అన్నం, మీద చింతచిగురు రొయ్యలు. "కూర్చో. తిను. ఈ అన్నం కింద ఆ మాట నొక్కేసుకో. అది పైకి తేలిందా, ఓనరు నన్ను వీధిలోకి గెంటుతాడు. మొగుడు వదిలేసిన దానికి ఇల్లెవడిస్తాడ్రా ఈ ఊళ్లో? తెలిసిందా?"

తెలిసింది. ఆవిడ కళ్లలో భయం చూశాను. మమ్మల్నందర్నీ హడలగొట్టే మనిషి నన్ను చూసి భయపడుతోంది! అంతకంటే భయం వేసింది నాకు.

తిన్నాను. మా ఇంట్లో ఎండు నెత్తళ్లు తెలుసు, కారం పులుసు తెలుసు. ఇది వేరు. చిగురు నలిగి రొయ్యకి అంటుకుని, కొరికితే ముందు కరకర, తర్వాత పులుపు, ఆఖర్న ఎక్కడో తీపి. ఏడుస్తూ మొదలుపెట్టినవాణ్ణి మూడుసార్లు అన్నం అడిగాను. సరే, రెండుసార్లు. గిన్నె అడుగున మిగిలిన నూనెలో అన్నం వేసి తుడిచి, ముద్ద చేసి, "వెధవా, నమిలి తిను," అని ఆవిడే నోట్లో పెట్టింది.

తర్వాత నా కంచం, ఆవిడ కంచం రెండూ పట్టుకుని కుళాయి దగ్గరికి వెళ్లింది. అప్పుడు బోధపడింది. మా లైనులో ఎవరింట్లో ఏం తిన్నారో కుళాయి దగ్గర తెలిసిపోతుంది. ఇద్దరున్న ఇంట్లోంచి రెండు ఎంగిలి కంచాలు రావాలి. నా కంచం మావయ్య కంచం.

మర్నాటి నుంచి నా జైలు మొదలైంది. పొద్దెక్కేసరికి మా అమ్మ, "ఒరే గుంటడా, ఆ అత్త పిలుస్తంది, ఎల్లు బేగి," అనేది. మధ్యాహ్నం నా వంతు అన్నం వండటమే మానేసింది. కన్నతల్లే నన్ను పక్కింటి చీకట్లోకి తోసేస్తోందని ఏడుపొచ్చేది. లోపలికి వెళ్లగానే గడియ. దగ్గకూడదు. కాళ్లు ఆడించకూడదు. చెమట ముక్కు మీంచి జారి ఒళ్లో పడుతుంటే చూస్తూ కూర్చోవాలి. అవతల పట్టాల మీద నా స్నేహితుల కేకలు. వాళ్లు రైల్వే వాళ్ల తోటలో మామిడికాయలు కొడుతున్నారు. ఒక్కో కేకకీ ఏ చెట్టు ఎక్కారో పోల్చుకునేవాణ్ణి. కిటికీ గోనెకి ఒక చిల్లు ఉండేది. అందులోంచి పడిన వెలుగు చుక్క నేల మీద పాకుతూ మంచం కోడు ఎక్కేసరికి నాకు విడుదల.

ఆవిడ పక్కన కూర్చుని రెమ్మల నుంచి చింతచిగురు దూసేది. నన్నూ దూయమనేది. ముదురాకు ఒక్కటి కలిసినా తిట్లు. గొంతు పెంచకుండా తిట్టడం మాటలు కాదు. గుసగుసగా, నవ్వు రాకుండా, ఏడు తరాలనీ తిట్టేది. నేను నవ్వాపుకోలేక మోకాళ్లలో మొహం దాచుకునేవాణ్ణి. ఒక్కోసారి తనూ కొంగు నోట్లో కుక్కుకునేది. ఇద్దరు దొంగలం.

కూర పొయ్యి మీద ఉన్నప్పుడు మాత్రం కిటికీ గోనె పక్కకి తీసి, విసనకర్రతో పొగని వీధిలోకి విసిరేది. "మగాడు లేని ఇంట్లోంచి నీచు వాసనెందుకొస్తుందిరా?" అంది ఒకసారి. తను ఆ కూర ముట్టేది కాదు. మజ్జిగన్నం, ఆవకాయ బద్ద. "నువ్వు తినవా అత్తా?" అంటే, "ఆయనకిష్టం," అంది. అదేం జవాబో నాకు అర్థం కాలేదు. మళ్లీ అడగలేదు.

గర్వంగా చెప్పుకోవలసింది ఒకటుంది. ఆ ఎండాకాలం లైనంతటికీ ఒక్క అనుమానం రాలేదు. రాకపోగా, అంతకు ముందు ఆవిడ అరిస్తేగానీ ఊరుకోని ఆడవాళ్లు, ఇప్పుడు తామే పిల్లల్ని కసిరేవాళ్లు. "ఎదవల్లారా, తువ్వాలు కనపళ్లేదా? మనిసి పడుకున్నాడు, అటు పోయి ఆడుకోండి." అది వింటూ చీకట్లో నేను మీసం లేని మూతి మెలేసేవాణ్ణి. ఎంత బాగా దాచానో అని.

ఒకరోజు ఓనరు వచ్చాడు. క్రేను మనిషి కనబడటం లేదని ఎవరో హార్బరు దగ్గర అన్నారట. కుళాయి దగ్గర ఆయన గొంతు వినగానే అత్త నన్ను మంచం మీదికి తోసింది. గోడ వైపు తిప్పి, దుప్పటి తల మీదుగా కప్పి, పొడుగు చాలక నా కాళ్ల కింద బూట్లు పెట్టింది. "గురక పెట్టు," అంది చెవిలో.

ఏం గురక అనుకున్నారు! రెండిళ్ల అవతల వినబడేలా, గూడ్సు ఇంజను ఎగువెక్కినట్టు...

కాదు. రాలేదు. అప్పుడే రొయ్యల ముద్ద మింగి ఉన్నానేమో, కారం అడ్డం పడి ఎక్కిళ్లు మొదలయ్యాయి. తలుపు తెరుచుకుంది. దుప్పటి కింద చీకటి, ఉడికిపోతున్నాను, బూటులోంచి సాలీడు నా పిక్క మీదికి పాకుతోంది. కదిలానా, ఆవిడ ఇల్లు పోతుంది. హిక్.

"ఒకసారి లేపమ్మా, మాటాడాల," అన్నాడు ఓనరు గడపలోంచి.

"రాత్రంతా నిలబడి వచ్చారండీ. ఇప్పుడే కన్నంటుకుంది."

హిక్.

"నిద్దట్లోనూ ఎక్కిళ్లేనండీ," అంది అత్త. "ఎవరు తలుచుకుంటున్నారో."

ఆ మాట దగ్గర ఆవిడ గొంతు కాస్త వణికింది. భలే నటిస్తోందనుకున్నాను.

ఓనరు ఒక అడుగు లోపలికి వేశాడు. చెప్పు చప్పుడు విన్నాను. సరిగ్గా అప్పుడు బయట నుంచి మా అమ్మ: "బాబూ, ఎలాగూ వొచ్చినారు, మా ఇంటి పెంకులు సూసి ఎల్లండి. దూలం కూడా ఒరిగిపోనాది. ఈసారి వానకి మా నెత్తిన పడిపోతాది. మీరు బాగుసేయించాల."

బాగుచేయించడం అన్న మాట వింటే మా ఓనరుకి ఎక్కడలేని పనులూ గుర్తొస్తాయి. "సరే సరే, మళ్లీ వొస్తాన్లే," అంటూ అటే వెళ్లిపోయాడు. మా అమ్మకి సమయం సందర్భం ఉండదు, ఎప్పుడూ పెంకుల గొడవే అనుకుని దుప్పట్లోనే విసుక్కున్నాను.

అత్త దుప్పటి తీసింది. సాలీణ్ణి చేత్తో నలిపింది. నన్ను దగ్గరికి లాక్కుని, వీపు మీద గట్టిగా ఒక్కటి చరిచింది. "గురక పెట్టమంటే ఎక్కిళ్లు పెడతావేంట్రా, సచ్చినోడా." ఎక్కిళ్లు ఆగిపోయాయి. ఆవిడ చెయ్యి మాత్రం వీపు మీదే చాలాసేపు ఉండిపోయింది.

వానలు పడ్డాయి, బడి తెరిచారు. ఆవిడ హార్బరు కుర్రాళ్లు తినే ఒక మెస్సులో వంటకి కుదిరింది. కోడి కూయకముందే వెళ్లి, ఎండ వేళకి తిరిగొచ్చి, తువ్వాలు తడిపి గొళ్లానికి తగిలించి పడుకునేది. ఇన్నాళ్లకి ఆ తువ్వాలు వెనక నిజంగానే ఒక షిఫ్టు మనిషి నిద్రపోయింది. ఓనరుకి సంగతి ఎప్పుడు తెలిసిందో, తెలిశాక ఏమన్నాడో నాకు తెలీదు. మేము ఆ లైను ఖాళీ చేసేనాటికి ఆవిడ అక్కడే ఉంది. నాకు ఒక్కనాడూ మెచ్చుకోలు మాట చెప్పలేదు. బడి నుంచి వస్తూ ఆ తలుపు ముందు ఈల వేశానని ఒకసారి అంట్ల నీళ్లు కూడా పోసింది. తల తుడుచుకుంటూ ఇంటికెళ్లాను. ఆ నీళ్లలో రొయ్యల వాసన లేదు. అదొక్కటే వెలితిగా అనిపించింది.

ఇదంతా ఇవాళ బల్ల దగ్గర, మనవడు లేవకుండా, గుసగుసగానే చెప్పాను. గోదారత్త దగ్గర నేర్చుకున్న గుసగుస ఇన్నాళ్లకి పనికొచ్చింది. అప్ప తన కంచంలో అన్నం కలుపుకుంటోంది, తలెత్తలేదు. కోడలు చెంప కింద చెయ్యి పెట్టుకుని వింది.

"అంత చిన్న వయసులో ఎంత గుట్టుగా ఉంచారు మావయ్యా!" అంది.

నేను కాస్త నిటారుగా కూర్చున్నాను. "ఆ అన్నం మీద ఒట్టమ్మా. ఇవాళ్టిదాకా ఈ నోటి నుంచి ఒక్క మాట బయటికి పొక్కలేదు. ఒక మనిషి ఇల్లు నా నాలిక మీద నిలబడింది..."

అంతలో పొలమారింది. దగ్గు. మనవడు లేస్తాడేమోనని అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకున్నాను. అప్ప మంచినీళ్ల గ్లాసు నా ముందుకి తోసి, అప్పుడు తలెత్తింది.

"నువ్వు దాసినావేటిరా? ఆయమ్మ నిన్ను ఈడ్సుకెల్లిన ఆ సందేళే కుళాయి కాడికొచ్చి, అత్తింట్లో మంచం కాళీ, మంచం కాళీ అని గెంతినావు. నాను బిందె పట్టుకోని అక్కడే ఉన్నాను. అమ్మ తడిసేత్తో నీ మూతి మీద ఒక్కటిచ్చి, అక్కడున్న ఆడోళ్లందరి మొకాలూ సూసింది. ఎవులూ ఏటీ అన్నేదు. బిందెలెత్తుకొని ఎలిపోనారు. మర్నాడు నిన్ను ఆ కంచం కాడికి తోలింది అమ్మే. పెంకులని ఓనర్ని తరిమిందీ అమ్మే. దాసింది లైనంతా. నువ్వు తిన్నావు, అంతే."